సబ్బు కాదు, విడుదల

1991 గోదావరి పుష్కరాల్లో నేను తప్పిపోయాను. అప్పుడు నాకు ఆరేళ్ళు. రాజమండ్రి పుష్కరాల రేవులో మా అమ్మ చంకన తమ్ముడున్నాడు, ఇంకో చేతిలో తడిబట్టల మూట ఉంది. నేను ఆవిడ కొంగు పట్టుకునే నడుస్తున్నాననుకున్నాను. తలెత్తి చూస్తే ఆ కొంగు ఇంకెవరిదో. ఆ తర్వాత గుర్తున్నది ఒక షామియానా, అందులో నాలాంటి పిల్లలు పదిమందో పన్నెండుమందో, మైకులో గొంతు పోయేలా పేర్లు చదువుతున్న ఒకాయన, నోటుపుస్తకం పెట్టుకు కూర్చున్న హెడ్ కానిస్టేబులు. ఎవరో అరటిపండు చేతిలో పెట్టారు. అది నలిగిపోయేదాకా పట్టుకునే ఉన్నాను గానీ తినలేదు.

మధ్యాహ్నం దాటాక మా మేనత్త వచ్చింది. అమ్మా రాలేదు, నాన్నా రాలేదు. వాళ్ళు ఇంకో రేవు వైపు వెతుకుతున్నారట. కానిస్టేబులు అత్తని రెండు మూడు ప్రశ్నలు వేసి, నావైపు తిరిగి "ఎవరమ్మా ఈవిడ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అత్త మెడ కరుచుకున్నాను. ఆయన పుస్తకంలో పేరూ ఊరూ రాసుకుని, అత్త చేత సంతకం పెట్టించుకుని పంపేశాడు. అంతా కలిపి నాలుగు గంటలేమో. ఆ నాలుగు గంటలూ నేను ప్రభుత్వం కస్టడీలో ఉన్నానన్న సంగతి ఇరవై ఏడేళ్ళ తర్వాత టెక్సాస్‌లో కారులో వెళ్తుండగా తట్టింది.

2018 జూన్. మావారి వీసా స్టాంపింగ్ కోసం శాన్ ఆంటోనియో నుంచి లరెడో వెళ్ళి, వంతెన దాటి నూవో లరెడో కాన్సులేట్‌లో పని ముగించుకుని వస్తున్నాం. ఆ రోజుల్లో స్టాంపింగ్‌కి మెక్సికో వెళ్ళడం మనవాళ్ళలో మామూలే. తిరుగుదారిలో, లరెడో దాటి కొంత దూరం వచ్చాక, ఐ-35 హైవే మీద బోర్డర్ పెట్రోల్, అంటే సరిహద్దు పోలీసుల చెక్‌పోస్టు ఉంటుంది. ప్రతి కారూ ఆగాల్సిందే. కాగితాలన్నీ ఫైల్లో వరసగా పెట్టుకున్నా నా చేతులు చల్లబడ్డాయి. వెనకసీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. అది దాటి ఇంకో గంట వస్తే డిల్లీ అనే చిన్న ఊరు. మన ఢిల్లీకి దీనికి సంబంధం లేదు, పుచ్చకాయలకు పేరున్న ఊరు. ఆ ఊరి పక్కనే 2400 మంది తల్లీబిడ్డల్ని పెట్టగల నిర్బంధ కేంద్రం ఉంది. అప్పటికి ఆ దారిన మూడుసార్లు వెళ్ళాను. అక్కడ అలాంటిదొకటుందని ఆ రోజే తెలిసింది.

ఆ వారమే ప్రొపబ్లికా అనే వార్తాసంస్థ ఒక ఆడియో బయటపెట్టింది. సరిహద్దులో అమ్మానాన్నల నుంచి విడదీసిన పిల్లల్ని ఉంచిన చోట ఎవరో రహస్యంగా రికార్డు చేసింది. పిల్లలు అమ్మా నాన్నా అంటూ వెక్కిళ్ళు పెడుతుంటే, ఒక ఏజెంటు ఇక్కడ వాద్యబృందం తయారైంది, నడిపించేవాడే తక్కువ అంటాడు. వాళ్ళలో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన ఆరేళ్ళ పాప గొంతొకటి వినిపిస్తుంది. ఆ పాప మిగతా పిల్లల్లా ఊరికే ఏడవదు. మా పిన్నికి ఫోన్ చెయ్యండి, నెంబరు నాకు వచ్చు, ఆవిడ వచ్చి తీసుకెళ్తుంది అని పదే పదే అడుగుతుంది. నెంబరు బట్టీ పట్టుకుని వచ్చింది. నాకు మా అత్త గుర్తొచ్చింది. కారు పక్కకి ఆపమన్నాను.

అప్పటి నుంచి ఈ విషయం మీద చదువుతూనే ఉన్నాను. నేను లాయర్ని కాను. చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఒక్కటే. అమెరికాలో వలస పిల్లల నిర్బంధం గురించి జరిగే గొడవంతా చాలామంది అనుకున్నట్టు సబ్బు, దుప్పటి, టూత్‌బ్రష్ గురించి కాదు. బిడ్డని ఎప్పుడు వదులుతారు, ఎవరికి అప్పజెప్తారు అన్నదే అసలు ప్రశ్న. ఆ పాప కూడా సబ్బు అడగలేదు, పిన్నిని పిలవమంది.

కథ 1985లో మొదలైంది. ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం సాగుతున్న కాలం. యుద్ధం తప్పించుకుని అమెరికాలో ఉన్న తనవాళ్ళని చేరుకోవాలని బయలుదేరిన పదిహేనేళ్ళ అమ్మాయిని సరిహద్దులో పట్టుకున్నారు. లాస్ ఏంజెలెస్ పక్కన పాసడీనాలో ఒక పాత మోటల్ చుట్టూ ఇనుప కంచె వేసి, ఈతకొలను ఖాళీ చేసి, జైలుగా మార్చారు. అక్కడ పెట్టారు ఆ అమ్మాయిని. చదువు లేదు, చూడ్డానికి ఎవర్నీ రానివ్వరు, ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ళతో గది పంచుకోవాలి, బట్టలు విప్పించి సోదా చేస్తారు. అప్పటి వలస శాఖ ఐఎన్ఎస్ ఆ ప్రాంతంలో పెట్టిన నియమం ఏమిటంటే, బిడ్డను తల్లిదండ్రులకో చట్టబద్ధ సంరక్షకుడికో తప్ప ఇంకెవరికీ అప్పజెప్పరు. వినడానికి జాగ్రత్తలాగే ఉంటుంది. కానీ ఆ అమ్మాయి తల్లికి కాగితాలు లేవు. వస్తే ఆవిణ్ణి పట్టుకుంటారు, రాకపోతే బిడ్డ లోపలే ఉంటుంది. పిన్నో మేనమామో వస్తామన్నా కుదరదు. మన ఊళ్ళల్లో చేపకి వానపామును గుచ్చినట్టు, తల్లిని పట్టడానికి బిడ్డను గాలానికి గుచ్చారు.

నటుడు ఎడ్ ఆస్నర్ ఇంట్లో పనిచేసే ఒక సాల్వడార్ మహిళ కూతురు కూడా ఇలాగే చిక్కుకుందని తెలిసి, ఆయన లాయర్ల సాయం కోరాడు. కార్లోస్ ఓల్గీన్, పీటర్ షే అనే ఇద్దరు లాయర్లు కదిలారు. 1985 జులైలో వేసిన కేసుకి ఆ పదిహేనేళ్ళ అమ్మాయి ఇంటిపేరే పేరైంది. అదే ఫ్లోరెస్ కేసు.

ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళి ఓడిపోయింది. 1993లో ఏడుగురు జడ్జీలు ప్రభుత్వం వైపు, ఇద్దరు పిల్లల వైపు. పెద్దవాళ్ళలా కాదు, పిల్లలెప్పుడూ ఎవరో ఒకరి కస్టడీలోనే ఉంటారు కదా అని జస్టిస్ స్కాలియా రాశాడు. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అమ్మ ఒడీ, కంచె వేసిన మోటలూ రెండూ కస్టడీయే అని ఒక్క మాటలో కలిపేశాడాయన. చట్టం కళ్ళకి రెండూ ఒకటి కావచ్చు. షామియానా కింద కూర్చున్న పిల్లకి కావు.

ఓడినా కేసు అంతటితో ముగియలేదు. వివాదం మిగిలే ఉంది. ఏళ్ళ తరబడి సాగాక 1997 జనవరిలో రెండు పక్షాలూ రాజీపత్రం మీద సంతకాలు పెట్టాయి. ఈరోజు ఫ్లోరెస్ అంటే జనం ఉద్దేశం ఆ కాగితమే. అందులో శుభ్రమైన సురక్షితమైన చోటు, మరుగుదొడ్డి, తాగునీరు, తిండి, వైద్యం, గాలి ఆడే గది, ఇవన్నీ ఉన్నాయి. వాటికంటే బరువైన మాట ఇంకొకటుంది. అనవసరమైన ఆలస్యం లేకుండా వదిలిపెట్టాలి. ఎవరికి అంటే, ముందు తల్లికో తండ్రికో, వాళ్ళు లేకపోతే సంరక్షకుడికి, ఆ తర్వాత బంధువులకి, తర్వాత తల్లిదండ్రులు నమ్మి చెప్పిన మనిషికి, వరసలో. వదలడం వెంటనే కుదరకపోతే పిల్లల సంరక్షణకి రాష్ట్రం లైసెన్సు ఇచ్చిన చోటుకి మూడు నుంచి అయిదు రోజుల్లో మార్చాలి. ఒక్కసారిగా ఎక్కువమంది వచ్చిపడితే వీలైనంత త్వరగా. నేను చదివినంతవరకూ ఇందులో మా రాజమండ్రి కానిస్టేబులికి తెలియనిది ఒక్కటీ లేదు.

తర్వాత కొన్ని చట్టాలు వచ్చాయి. 2002 చట్టంతో ఒంటరిగా దొరికిన పిల్లల బాధ్యత పోలీసు పని చేసే శాఖ నుంచి ఆరోగ్య శాఖకి మారింది. మనుషుల అక్రమ రవాణా మీద 2008లో చేసిన చట్టం, అలాంటి పిల్లల్ని 72 గంటల్లోగా సరిహద్దు పోలీసుల చేతిలోంచి తప్పించి ఆ శాఖకి అప్పగించాలంది. మెక్సికో పిల్లలకి ఇందులో తక్కువ రక్షణ. పక్కదేశం గనక చాలామందిని అక్కడికక్కడే వెనక్కి పంపెయ్యొచ్చు. అమ్మానాన్నలతో కలిసి వచ్చిన పిల్లల సంగతి ఈ చట్టాల్లో సరిగ్గా లేదు. వాళ్ళని ఇవాళ్టికీ ప్రధానంగా కాపాడుతున్నది ఆ రాజీపత్రమే.

వార్తల్లో వినిపించే "20 రోజులు" ఆ పత్రంలో ఎక్కడా లేదు. 2014లో మధ్య అమెరికా నుంచి పిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఆ ఏడాది ఒంటరిగా పట్టుబడిన పిల్లలే 68 వేలకు పైన. ఒబామా ప్రభుత్వం తల్లీబిడ్డల నిర్బంధ కేంద్రాలు తెరిచింది. డిల్లీ అప్పటిదే. 2015లో ఫ్లోరెస్ కేసు చూస్తున్న జడ్జి డాలీ జీ, ఈ ఒప్పందం తల్లితో ఉన్న బిడ్డకీ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. మరీ రద్దీ ఉన్నప్పుడు మా పని ముగియడానికి 20 రోజులదాకా పడుతుందని ప్రభుత్వమే చెబితే, అలాంటప్పుడు అంతవరకూ ఫర్వాలేదేమో అంది జడ్జి. అలా పుట్టింది ఆ అంకె. డెమొక్రాట్ల ప్రభుత్వం కట్టిన కేంద్రాలివి. ఇది ఒక పార్టీ పాపం అనుకునేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి.

ఇక సబ్బు సంగతి. 2019 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని అప్పీలు కోర్టులో ప్రభుత్వ లాయరు నిలబడి, ఒప్పందంలో సురక్షితం, శుభ్రం అని ఉంది గానీ సబ్బు, టూత్‌బ్రష్ అని రాయలేదు కదా అన్న వాదన చేసింది. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. బెంచీ మీద ఉన్న ముగ్గురిలో జడ్జి వాలెస్ తషీమా ఒకరు. సబ్బు లేకుండా, టూత్‌బ్రష్ లేకుండా, దుప్పటి లేకుండా శుభ్రమెలా అవుతుంది, అది అందరికీ తెలిసిన విషయమేగా అన్నాడాయన. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మూలాలున్న కుటుంబాల్ని అమెరికా కంచెల వెనక పెట్టినప్పుడు, అరిజోనాలోని పోస్టన్ శిబిరంలో పెరిగిన పిల్లల్లో ఆయనొకడు. అదే నెలలో టెక్సాస్‌లో క్లింట్ బోర్డర్ పెట్రోల్ స్టేషన్‌కి వెళ్ళిన లాయర్లు, పెద్ద పిల్లలు ముక్కూమొహం తెలియని చంటిపిల్లల్ని ఎత్తుకు సాకుతున్నారని బయటికి వచ్చి చెప్పారు. వాళ్ళు లోపలికి వెళ్ళగలిగింది కూడా ఫ్లోరెస్ ఒప్పందం ఇచ్చిన హక్కుతోనే.

నాకూ ఆ వీడియో చూసి రక్తం ఉడికింది. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో గమనించండి. జనం సబ్బులూ డైపర్లూ కొని స్టేషన్ దగ్గరికి తీసుకెళ్ళారు. మంచి మనసులు, కాదనను. అయితే చర్చంతా పిల్లల్ని ఎంత బాగా బంధించాలి అన్న దారిలోకి మళ్ళిపోయింది. మంచి పరుపులు, బొమ్మలు, గోడ మీద రంగుల చేపలు పెట్టేసి, ఇప్పుడు ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు కదా అన్నారు. ఆ ఏడాది ఆగస్టులో ప్రభుత్వం తెచ్చిన నిబంధనల సారాంశం అదే. లైసెన్సు మేమే ఇచ్చుకుంటాం, కేసు తేలేదాకా కుటుంబాల్ని ఉంచుకుంటాం అని. జడ్జి జీ ఆపింది. ఆ తర్వాతి ఏడాది అప్పీలు కోర్టు కూడా ఆ భాగాన్ని ఒప్పుకోలేదు. నిర్బంధంలో ఎంత తక్కువ కాలం ఉన్నా అది పిల్లలకి క్షేమమని చెప్పే ఆధారం ఏదీ లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లోనే రాసింది. పరుపు మెత్తగా ఉందా లేదా అని వాళ్ళు షరతు పెట్టలేదు.

గాలం కథ అక్కడితో ఆగలేదు. 2018 ఏప్రిల్‌లో రెండు శాఖల మధ్య కొత్త ఏర్పాటు జరిగింది. పిల్లల్ని తీసుకెళ్తామని వచ్చే పిన్నులు, మేనమామలు, అన్నలు, వాళ్ళింట్లో ఉండే పెద్దవాళ్ళందరి వేలిముద్రలూ వలస పోలీసులకి వెళ్తాయి. కొందర్ని నిజంగానే అరెస్టు చేశారు. మిగతావాళ్ళు రావడం మానేశారు. ఆ ఏడాది చివరికి ఆరోగ్య శాఖ దగ్గర ఉండిపోయిన పిల్లలు 14 వేలు దాటారు. వాళ్ళు సరిహద్దులో కొత్తగా పోటెత్తి అంతమంది కాలేదు, బయటికి వెళ్ళలేక అంతమంది అయ్యారు. ఆడియోలో నెంబరు చెప్పిన పాప పిన్ని కూడా తన ఆశ్రయం కేసు ఏమవుతుందోనని భయపడిన మనిషే. 2025లో మళ్ళీ అదే. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే స్పాన్సర్ల గుర్తింపు కాగితాలు, ఆదాయం, డీఎన్ఏ అంటూ షరతులు బిగించారు, పిల్లలు లోపల గడిపే కాలం వారాల నుంచి నెలల్లోకి పెరిగింది. 1985 మోటల్ నియమమే కొత్త ఫారాల మీద అచ్చయింది.

కుటుంబాల్ని విడదీసినప్పుడు, 2017 నుంచి లెక్కేస్తే అయిదువేల మందికి పైగా పిల్లలు, ఎవరి బిడ్డ ఎక్కడుందో రాసిపెట్టిన పుస్తకమే సరిగ్గా లేదు. 2018 జూన్ 26న వాళ్ళని కలపమని ఆదేశించిన జడ్జి డేనా సబ్రా, నిర్బంధితుల సొత్తుకి ఉన్నంత లెక్క కూడా పిల్లలకి లేదని ఆ ఉత్తర్వులో రాశాడు. కానిస్టేబులి నోటుపుస్తకం మళ్ళీ కళ్ళముందుకొచ్చింది నాకు.

ఇదంతా మా కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకసారి పెట్టాను. వచ్చిన జవాబులు మీరు ఊహించగలరు. "మనం లైన్లో నిలబడి వచ్చాం, వాళ్ళు గోడ దూకి వచ్చారు." "పిల్లల్ని అడ్డం పెట్టుకుని వస్తారండీ, వదిలేస్తే ఇంకా వస్తారు." వీళ్ళు చెడ్డవాళ్ళు కారు. నా కాన్పుకి ఇంటికి వారం రోజులు కారేజీలు పంపినవాళ్ళు. అందుకే వాళ్ళకి కోపంగా కాకుండా జవాబు చెప్పాలనుంది.

లైను సంగతి. మేము వచ్చి పదేళ్ళు దాటినా మాకు గ్రీన్‌కార్డు రాలేదు. పిల్లలకి 21 నిండితే, తల్లిదండ్రుల ఉద్యోగ వీసా వల్ల వచ్చే హెచ్-4 వీసా పోతుంది, ఆ తర్వాత వాళ్ళేమవుతారో అని నిద్రపట్టని తల్లిదండ్రులు ఆ గ్రూపులోనే ఉన్నారు. తల్లిదండ్రుల కాగితాల వల్ల పిల్లలకి శిక్ష పడకూడదని వాళ్ళు ఇక్కడి పార్లమెంటయిన కాంగ్రెసు మెట్లెక్కి అడుగుతున్నారు. న్యాయమైన మాట. ఆ న్యాయం హోండురాస్ నుంచి వచ్చిన నాలుగేళ్ళ పిల్లాడికి ఎందుకు వర్తించదు? వాడు గోడ దూకాలని నిర్ణయించుకోలేదు. మా అమ్మాయి హెచ్-1బీ ఇంట్లో పుట్టాలని నిర్ణయించుకోనట్టే.

వదిలేస్తే ఇంకా వస్తారన్నది ఇంత తేలిగ్గా తీసేసే వాదన కాదు. చిన్నపిల్లాడు చంకలో ఉంటే త్వరగా బయటపడొచ్చన్న మాట దళారులు అమ్ముకుంటారు. తమ బిడ్డ కాని బిడ్డను తెచ్చినవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ వాదన చివరికి ఎక్కడికి పోతుందో చూడండి. ఇంకో కుటుంబం బయలుదేరకుండా భయపెట్టడానికి, ఇప్పుడు చేతిలో ఉన్న బిడ్డను లోపల ఉంచాలంటున్నాం. రేపెవరో చెయ్యబోయే పనికి ఈ బిడ్డ చేత ఈరోజు మూల్యం కట్టిస్తున్నాం. అప్పుడు తల్లిని లాగడానికి ఎర, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళని బెదరగొట్టడానికి పొలంలో కట్టిన దిష్టిబొమ్మ. ఆ తల్లిదండ్రుల కేసు త్వరగా వినండి, ఓడితే పంపండి. దానికి బిడ్డను బంధించాల్సిన పనిలేదు.

నన్ను నిజంగా తడబరిచింది ఇంకోటి. 2014లో ఒహాయోలోని మేరియన్ దగ్గర కోడిగుడ్ల ఫారాల్లో గ్వాటెమాలా కుర్రాళ్ళు బెదిరింపుల మధ్య వెట్టిచాకిరీ చేస్తూ దొరికారు. వాళ్ళలో కొందర్ని ప్రభుత్వమే సరిగ్గా విచారించకుండా ఆ దళారుల మనుషులకి అప్పగించింది. 2016లో సెనేట్ ఉపసంఘం నివేదిక ఆ తప్పుల్ని పూసగుచ్చినట్టు చెప్పింది. అది చదివిన రాత్రి అత్తకి ఫోన్ చేశాను. పుష్కరాల్లో నీ దగ్గర ఏ కార్డయినా చూశాడా ఆయన అని అడిగాను. "కార్డేంటే? నీ మోకాలి మీద మచ్చ ఉందని ముందే చెప్పాను. చూసుకున్నాడు. ఇంటి నెంబరు అడిగాడు, మీ తాత పేరు అడిగాడు. మర్నాడు పొద్దున ఇంకో కానిస్టేబుల్ని ఇంటికి పంపాడు, పిల్ల బాగుందా అని." ఆ చివరి సంగతి నాకు తెలియదు. నేను నిద్రపోతున్నానట.

అంటే విడుదల అన్నది గాలికి వదిలెయ్యడం కాదు. వచ్చిన మనిషెవరో చూడాలి, ఇల్లు చూడాలి, మర్నాడు మళ్ళీ వెళ్ళి తలుపు తట్టాలి. ఆ తట్టే మనిషి పిన్నిని అరెస్టు చెయ్యడానికి వచ్చినవాడు కాకూడదు. ఒహాయో నేర్పింది ఇదే అనుకుంటాను. వేలిముద్రలు పోలీసులకి పోతాయంటే మంచి పిన్ని భయపడి ఆగిపోతుంది, దళారి ఎవరో ఒకరి కాగితాలు పట్టుకుని వచ్చేస్తాడు.

ఇంకోమాట, లాయర్ల గురించి. నేరం చేశాడని ఆరోపణ వచ్చిన పిల్లాడికి ఈ దేశంలో ప్రభుత్వం లాయర్ని ఇవ్వాలి. 1967 నుంచీ ఆ హక్కుంది. వలస కేసు నేరం కాదు గనక ఆ హక్కు లేదు. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలకి వలస చట్టం నేర్పాను, ఓపిక పడితే వాళ్ళకి అర్థమవుతుంది అని ఒక సీనియర్ వలస జడ్జి ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చాడు. 2016లో అది బయటికొచ్చింది. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు ఎడమ చెప్పు, కుడి చెప్పు తెలిసేవి కావు.

ఇప్పుడు ఫ్లోరెస్ ఎక్కడుంది? ఆరోగ్య శాఖ 2024లో సొంత నిబంధనలు తెచ్చుకుంది. వాటిని చూసి జడ్జి జీ ఆ శాఖ వరకూ ఒప్పందాన్ని చాలామేరకు ముగించింది. సరిహద్దు పోలీసుల మీద, కుటుంబ నిర్బంధం మీద మాత్రం అది ఇంకా ఉంది. 2025 మేలో ప్రభుత్వం మొత్తం రద్దు చెయ్యమని అడిగింది. ఆగస్టులో జడ్జి కాదంది. 2024లో మూతపడ్డ డిల్లీ కేంద్రం 2025లో మళ్ళీ తెరుచుకుంది. దాదాపు మూడు దశాబ్దాలుగా వేలమంది పసివాళ్ళ భద్రత ఒక పాత కేసులోని రాజీ మీద, దాన్ని వదలకుండా పట్టుకున్న కొద్దిమంది లాయర్ల మీద, ఒక్క జడ్జి మీద ఆధారపడి ఉంది. పీటర్ షే 2024లో పోయాడు. ఒప్పందాన్ని తర్వాత సవరించినప్పుడు రాసుకున్నారు, దానికి సరిపడే నిబంధనలు పూర్తిగా వచ్చాక అది ముగిసిపోవాలని. తాత్కాలికంగా వేసిన పందిరి అది. దాని కిందే అయిదుగురు అధ్యక్షుల కాలం గడిచిపోయింది. కాంగ్రెసు చట్టం చెయ్యాలి. బిడ్డను వదలడానికి గడువు, అప్పగించే బంధువుల వరస, ఆ బంధువు సమాచారం అరెస్టులకి వాడకూడదన్న నిషేధం, ప్రతి బిడ్డకీ లాయరు, లోపలికి వెళ్ళి చూసే బయటివాళ్ళ హక్కు. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు.

నాకు ఇక్కడ ఓటు లేదు. ఈ నియోజకవర్గంలో ఉంటున్నదాన్ని గనక కిందటి నెల మా ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి గొంతు కాలేజీ పిల్లలా ఉంది. మర్యాదగా విని రాసుకుంది. చివర్లో, ఏ ఒప్పందం అన్నారు, పేరు ఎలా రాయాలి అని అడిగింది. ఒక్కొక్క అక్షరం చెప్పాను. తిరిగి చదివింది, సరిగ్గానే రాసుకుంది. వచ్చే వారం మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేశాను.